ఇంతకీ యాడికి పోయినట్టు?

కువైట్లో "మమ్షాకి వెళ్తున్నాం" అంటే నడవడానికి వెళ్తున్నామని. అరబ్బీలో మమ్షా అంటే నడిచే చోటు. ఇళ్ళ వరసలకి పక్కగా, చెట్ల మధ్య నుంచి వేసిన కాలిబాట. మిష్రిఫ్, యర్మూక్, అదైలియా లాంటి పేటల్లో ఇలాంటివి ఉన్నాయి. మేముండే మహబూలాలో మాత్రం అపార్ట్‌మెంట్లు, వాటి మధ్య ఖాళీ జాగాల్లో కార్లు, కార్ల మధ్య ఇసక. అందుకని వారానికి మూడు రోజులు మా ఆయన ఆఫీసు నుంచి రాగానే ఫహాహీల్ రోడ్డెక్కి మిష్రిఫ్ వెళ్తాం. ఈ సంగతి ఫోన్లో చెప్తే మా అమ్మ ఒకటే నవ్వు. "మేం బస్సెక్కడానికి రెండు మైళ్ళు నడిచేవాళ్ళం. మీరు నడవడానికి కారెక్కుతున్నారా?" అంది.

నాకు ఈ నడక ఇష్టంగా వచ్చింది కాదు, షుగరుతో వచ్చింది. ఆ విషయంలో ఇక్కడ నాకు తోడు బాగానే ఉంది. ప్రపంచంలో మధుమేహం బాగా ఎక్కువున్న దేశాల్లో కువైట్ ఒకటి. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2021 లెక్కల్లో పెద్దవాళ్ళలో దాదాపు నలుగురికి ఒకరు. ఆ జబ్బు మీద పరిశోధనకే దస్మాన్‌లో ప్రత్యేకంగా ఒక సంస్థ ఉంది. సాయంత్రాలు మమ్షా మీద చేతులు ఊపుకుంటూ నడిచేవాళ్ళలో సగం మంది మా డాక్టరు పేషెంట్లే అనిపిస్తుంది నాకు.

నవంబరు నుంచి మార్చి దాకా ఇక్కడ నడక స్వర్గం. చలిగాలి, ఆకుపచ్చ, మల్లెల్లాంటి ఆకాశం. వేసవి వేరే కథ. 2016 జూలై 21న ఈ దేశంలోనే మిత్రిబా అనే చోట 53.9 డిగ్రీలు నమోదైంది. ఏటా జూన్ మొదటి నుంచి ఆగస్టు చివరి దాకా పగలు పదకొండు నుంచి నాలుగు వరకు ఆరుబయట పని చేయించకూడదని ఇక్కడ నిబంధన. ఆ నెలల్లో మేం రాత్రి తొమ్మిదికి వెళ్తాం. అప్పుడూ గాలి, పెనం మూత తీసినట్టు మొహానికి కొడుతుంది.

ఈ దేశంలో ఏడాదికి పడే వాన నూట పది మిల్లీమీటర్ల చుట్టుపక్కల. మన కడపలో పడేది అంతకు ఆరింతలు. అయినా ఇక్కడ బాట పక్కన చెట్లుంటాయి. ఖర్జూరాలు, కోనోకార్పస్, అక్కడక్కడ సిద్ర్ చెట్లు. సిద్ర్ అంటే మన రేగు జాతే. పళ్ళని ఇక్కడ కనార్ అంటారు. శుద్ధి చేసిన మురుగునీళ్ళు ఈ దేశంలో చాలా పచ్చదనాన్ని బతికిస్తున్నాయి.

అసలు ఇసకలో ఈ పచ్చబాటల ఆలోచన ఎక్కణ్ణుంచి వచ్చిందా అని చూస్తే, దాని వెనక ఒక గోడ కథ ఉంది. 1920లో కువైట్ పట్నం జనమంతా చేయి వేసి, కొన్ని నెలల్లోనే ఊరి చుట్టూ మట్టిగోడ కట్టుకున్నారు. తర్వాత చమురు వచ్చింది. 1952లో బ్రిటిష్ ప్లానర్లు కొత్త పట్నానికి నమూనా గీశారు. ఊరి చుట్టూ రింగురోడ్లు, వాటి మధ్య పేటలు, ఒక్కో పేటకి సొంత బడి, మసీదు, దుకాణాలు. 1957లో గోడ పడగొట్టి, గుమ్మాలు మాత్రం గుర్తుగా ఉంచారు. గోడ ఉన్న జాడలో పచ్చటి వలయం పెంచారు. 2015లో తెరిచిన అల్ షహీద్ పార్కు ఆ వలయంలోనిదే. ఒకప్పుడు రాత్రి తలుపులు మూసి జనాన్ని లోపల ఉంచిన చోట, ఇప్పుడు అదే జనం నడుస్తున్నారు. ఇది చదివినప్పుడు నాకు భలే ముచ్చటేసింది.

ఆ పేటలు కట్టింది కువైటీ కుటుంబాల కోసం. మమ్షాలు కూడా వాళ్ళ ఇళ్ళ పక్కనే. మాలాంటి వాళ్ళం బయట నుంచి వచ్చి నడిచి పోతాం, ఎవరూ ఏమీ అనరు. బాట మీద అందరూ కనిపిస్తారు. నల్ల అబాయాల కింద తెల్ల బూట్లు వేసుకుని గబగబా నడిచే పెద్దమ్మలు, చెవుల్లో పాటలు పెట్టుకుని పరిగెత్తే కుర్రాళ్ళు, చిన్న సైకిళ్ళ మీద పిల్లలు, వాళ్ళ వెనక పరిగెత్తే ఆయాలు. సైకిళ్ళలో రెండు రకాలు చూశాను. శుక్రవారం పొద్దున్నే హెల్మెట్లు పెట్టుకుని గుంపుగా పోయే ఖరీదైన సైకిళ్ళు ఒకటి. బకాలా నుంచి నీళ్ళ సీసాలు, రొట్టెలు వేసుకుని ఇంటింటికీ తిరిగే కుర్రాడి సైకిలు రెండోది. రెండోవాడికి వ్యాయామం అక్కర్లేదు.

ఆమెను నేను చూసింది ఇక్కడే. నాలుగేళ్ళవుతుంది. వీల్ చైర్‌లో ఒక ముసలావిడ, వెనక తోస్తూ ఈమె. చైర్ సిద్ర్ చెట్టు కింద ఆపి, రాలిన కనార్ పళ్ళు ఏరి, చున్నీకి తుడిచి, ముసలావిడ చేతిలో రెండు పెట్టి, ఒకటి తన నోట్లో వేసుకుంది. "పుల్లంగుండాది" అంది తనలో తనే. నేను ఆగిపోయాను.

"అక్కా, తెలుగా?"

"అవునుమ్మా. రాయచోటి కాడ. మీది యా ఊరు?"

మాది నెల్లూరని చెప్పాను. పద్దెనిమిదేళ్ళుగా ఇక్కడుందట. కడప, రాయచోటి, రాజంపేట, ఇటు గోదావరి జిల్లాల నుంచి ఇళ్ళల్లో పనికి వచ్చిన వేలమంది ఆడవాళ్ళలో ఒకతె. ఇక్కడ పనివాళ్ళు ఇంటి యజమానురాలిని "మామా" అంటారు. నాకు అది విన్నప్పుడల్లా పంచె కట్టిన మేనమామే గుర్తొస్తాడు. ఈ ముసలావిడ యజమానురాలి తల్లి కాబట్టి "పెద్దమామ". అక్క ఆవిడతో అరబ్బీ మాట్లాడుతుంటే రాయచోటి యాస అందులో కూడా వినపడేది.

అప్పట్నుంచి కనిపించినప్పుడల్లా పక్కన కాసేపు నడిచేదాన్ని. ఒకసారి కరోనా రోజుల మాట వచ్చింది. 2020 ఏప్రిల్ 6న మా మహబూలాని చుట్టూ కంచెలు వేసి మూసేశారు. మే 10 నుంచి నెలాఖరు వరకు దేశమంతా పూర్తి కర్ఫ్యూ. సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా మాత్రం, మాస్కు పెట్టుకుని, కారు తీయకుండా, ఉన్న పేటలోనే నడవచ్చన్నారు. ఆ రెండు గంటల కోసం జనం ఎంత ఎదురు చూశారో, మేం ఆ రోజుల్లో ఎలా మగ్గిపోయామో, బిల్డింగు పైన గుండ్రంగా తిరుగుతూ ఎలా ఏడ్చానో చెప్పుకొచ్చాను.

అక్క అంతా విని, "మేం మూడువారాలు గేటు దాటలే. పెద్దమామకి బయం" అంది. కాస్త ఆగి, "మాకేం కొత్తమ్మా అది" అంది.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. 2015లో ఇక్కడ ఇంటి పనివాళ్ళ కోసం 68వ నంబరు చట్టం వచ్చింది. వారానికి ఒక రోజు సెలవు, రోజుకి పన్నెండు గంటలకు మించని పని, ఏడాదికి నెల రోజుల జీతంతో సెలవు అందులో ఉన్నాయి. అక్కకి ఆ సంగతి చెప్తే, తెలుసంది. "మావోళ్ళు మంచోళ్ళేమ్మా. జీతం ఒక్క నెల నిలపలే. శుక్రారం మాత్రం కొడుకులు, కోడండ్లు, పిల్లోళ్ళు అందరూ వస్తారు. అంతమంది వచ్చినప్పుడు నేను లేకుంటే ఎట్ట?" అంది. సెలవు గురించి అడిగితే తను యజమానుల తరఫున నాకు సర్దిచెప్పింది.

ఒక రోజు నా ఫోన్లో అడుగుల లెక్క చూసుకుంటున్నాను. పదివేలకి ఇంకా ఆరువందలు తక్కువ. అది నాకు రోజూ ఉండే దిగులు. అక్క చూసి ఏంటని అడిగింది. చెప్పాను. తన ఫోన్లో కూడా అది పెట్టి ఇచ్చాను, జేబులోనే ఉంచుకోమన్నాను. వారం తర్వాత చూస్తే ఏ రోజూ పదిహేడు వేలకి తగ్గలేదు. ఒకరోజు ఇరవై రెండు వేలు. మూడంతస్తుల ఇల్లు, మెట్లు, వంటిల్లు, బట్టలు, పెద్దమామ గది. నేను ఆశ్చర్యంగా, నీ కడప దాకా పోయి రావచ్చు ఈ అడుగులతో అన్నట్టు ఏదో అన్నాను. అక్క ఆ అంకె వైపు చాలాసేపు చూసి నవ్వింది.

"ఇంతకీ యాడికి పోయినట్టుమ్మా?"

పోయిన చలికాలం పెద్దమామ పోయింది. నెలన్నర పాటు అక్క కనపడలేదు. ఒక సాయంత్రం సిద్ర్ చెట్టు దగ్గర నిలబడి ఉంది, వీల్ చైర్ లేకుండా. ఇంటికి పోతున్నానంది. కూతురికి కాన్పు దగ్గర పడింది, ఇంక ఇక్కడ తన పని కూడా అయిపోయిందట. టికెట్ వచ్చింది. నాతో చెప్పిపోదామని, యజమానురాలిని అడిగి గంటసేపు వచ్చింది.

"ఒక చుట్టు నడుద్దామా అక్కా?" అన్నాను.

నడిచాం. పదడుగులు వేసిందో లేదో ఆగి, తన చేతుల వైపు చూసుకుంది. ముందుకి చాచి, దేన్నో పట్టుకున్నట్టే ఉన్నాయి. "పట్టుకునేదానికి ఏం లేకపాయె, నడక రావడంలే" అని సిగ్గుగా నవ్వింది. చేతులు కిందికి వదిలింది, కొంగు పట్టుకుంది, వదిలింది, ఆఖరికి నా చెయ్యి పట్టుకుంది. చుట్టూ జనం మమ్మల్ని దాటి పోతున్నారు. సగం దూరం వచ్చేసరికి నా చెయ్యి వదిలి తనే ముందు నడిచింది. నేను వెనకబడ్డాను, కావాలనే.

చుట్టు పూర్తయ్యాక ఆయాసపడుతూ, "ఇన్నాళ్ళూ పెద్దమామ మొగమే సూస్తా నడిస్తి. ఇక్కడ ఇన్ని సెట్లున్నాయని సూడనే లేదు" అంది. రేగు పళ్ళు నాలుగు ఏరి కొంగున కట్టుకుంది, మనవడికి విత్తనం చూపిస్తానని.

ఇప్పుడూ మిష్రిఫ్ వెళ్తున్నాం. అడుగుల లెక్క చూడటం మానేశానని చెప్తే అబద్ధం, చూస్తూనే ఉన్నాను. కానీ వీల్ చైర్లూ, పిల్లల బండ్లూ తోసే ఆడవాళ్ళు ఎదురైనప్పుడు కూర్చున్నవాళ్ళని కాక, తోస్తున్నవాళ్ళని చూసి ముందు పలకరిస్తున్నాను. కొందరు ఆశ్చర్యంగా వెనక్కి తిరిగి చూస్తారు, నేను పలకరించింది వేరెవరినో అనుకుని.