వీడియో కాలునకు తగిన సాధనము నెన్నుకొనుట

పూర్వము పంటకు తెగులు సోకినపుడు రైతు ఆకును మూటగట్టి మాకడకు తెచ్చుచుండెను. ఇప్పుడు చేనిగట్టున నిలిచి సెల్‌ఫోనులోనే చూపుచున్నాడు. సంఘపు పాలకవర్గమువారు పట్టణమునకు పోకయే బ్యాంకువారితో మాటలాడుచున్నారు. దూరదేశమందున్న కొడుకును తల్లి యింటనుండియే చూచుకొనుచున్నది. ఈ సౌకర్యము మెచ్చదగినదే. కాని విత్తనము కొనునపుడు గింజను చేత బట్టి చూచు మనము, ఈ సాధనమును మాత్రము ఎవరో చెప్పినదని యెట్టి విచారణయు లేక ఫోనులో నెక్కించుకొనుచున్నాము.

ఒక సంఘమువారు బకాయిల విషయమై వీడియో సమావేశము జరుపగా మేమును పాల్గొంటిమి. లింకును ముందుగా వాట్సాప్ గ్రూపులో వేసిరి. అది చేతులు మారినది. బాకీల పట్టిక చదువుచుండగా పేరు తెలియని యొకరు మౌనముగా వినుచుండిరి. మేము గమనించునప్పటికి సగము పట్టిక ముగిసినది. మరునాడు ఒక రైతు బాకీ సంగతి సంతలో చెప్పుకొనిరి. ఆ దినములలోనే అతని కుమార్తెకు సంబంధము చూచుచుండిరి. తప్పు సాధనమునది కాదు. తలుపు తెరచి యుంచినవారిలో మేమును ఒకరము.

కావున సాధనము నెన్నుకొనుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. అది తేలికయైనదా? మాట గుట్టుగా నుండునా? లోనికి వచ్చువారిని మనము నిర్ణయింపగలమా?

మొదటిది తేలికదనము. సభ్యులలో అందరికంటె పాత ఫోను ఎవరిదో, దానిలో నడచు సాధనమే సంఘమునకు తగినది. బరువైన యాప్ నెన్నుకొన్నచో పేద సభ్యుడు సమావేశమునకు దూరమగును. ఖర్చు లెక్కయు చూడుడు. సెకనుకు 500 కిలోబిట్ల చొప్పున బొమ్మ పంపిన, గంటకు 225 మెగాబైట్లు పోవును, ఆవలినుండి అంతే వచ్చును, వెరసి 450. బొమ్మ నాపి మాట మాత్రము 40 కిలోబిట్ల చొప్పున నడపిన, రాకపోకలు రెండును కలిసి గంటకు 36 మెగాబైట్లే. ఇది పండ్రెండవ వంతుకంటెను తక్కువ. కావున సిగ్నలు బలహీనముగా నున్నపుడు బొమ్మ నాపివేయుడు. తెగులు చూపదలచినవారు మంచి వెలుతురులో దగ్గరగా తీసిన ఫోటోను ముందుగా పంపుట మేలు. కదలు బొమ్మ మసకబారినపుడు మచ్చల అంచులు మాకు కానరావు.

రెండవది గుట్టు. ఈ సాధనములలో సాధారణముగా మాట తాళము పడియే పోవును. అయితే తాళపుచెవి ఎవరికడ నున్నదన్నదే ప్రశ్న. నడుమనున్న సర్వరులో తాళము తీసి మరల వేయునట్లయిన, ఆ సర్వరు గలవారు తలచిన వినగలరు. మాటలాడువారి ఫోనులలో మాత్రమే చెవి యున్న, నడిమివారికి వినబడదు. దీనినే ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ అందురు. ప్రకటనను చూచియే దీనిని నమ్మరాదు. జూమ్ కంపెనీ తనకిట్టి తాళమున్నదని చెప్పుకొనగా, అది సత్యము కాదని అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించెను. 2020 నవంబరులో ఆ వ్యవహారము రాజీపడెను. ఆ యేడు అక్టోబరులోనే కంపెనీవారు నిజమైన తాళము నేర్పరచిరి గాని, దానిని మనమే కోరి వేసికొనవలెను.

ఇక సాధనముల మాట. సిగ్నల్ అనునది లాభాపేక్షలేని సంస్థ నడుపుచున్నది. దానిలో ప్రతి కాలునకును ఈ తాళము తప్పక యుండును. 2021 డిసెంబరు నాటికే 40 మంది కలసి మాటలాడు వీలు కలిగెను. వాట్సాప్‌నందును కాలులకు ఇట్టి తాళమే కలదు, 32 మంది వరకు చేరవచ్చును. కాని అది మెటా కంపెనీది. మన మాట వినబడకున్నను ఫోను నంబరు మొదలగు వివరములు వారికి తెలియును. జిట్సీ మీట్ అనునది 2003లో ఎమిల్ ఇవోవ్ అను విద్యార్థి ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గులో ఆరంభించిన పనినుండి పెరిగినది. యాప్ లేకయే బ్రౌజరులో నడచును. వారి ఉచిత సర్వరులో గది తెరచువారు మాత్రము 2023 ఆగస్టు నుండి ఏదేని ఖాతాతో ప్రవేశింపవలెను. తక్కినవారికి అది యక్కరలేదు. దాని కోడు బహిరంగము గనుక, నేర్పరి దొరకిన సంఘము తన సొంత సర్వరులోనే పెట్టుకొనవచ్చును. అయితే ముగ్గురు మొదలుకొని యెందరు చేరినను మాట సర్వరు మీదుగా పోవును. అచట కొసనుండి కొసకు తాళము కావలెనన్న మనమే వేయవలెను.

మా యభిప్రాయమిది. ఇంటి మాటలకు వాట్సాప్ చాలును. బాకీలు, భూమి పత్రములు, ఆధార్ సంఖ్యల ముచ్చటకు సిగ్నల్ మేలు. కంప్యూటరు గల చిన్న కచ్చేరీలు కలసి చేయు చర్చకు జిట్సీ తగును.

మూడవది తలుపు. ఎంత మంచి తాళమైనను లోపల కూర్చున్నవానిని ఆపలేదు. లింకును గ్రూపులో వేయక, రావలసినవారికే విడివిడిగా పంపుడు. పాస్‌వర్డు పెట్టుడు. ఆరంభమున పేర్లు పిలిచి హాజరు వేసికొనుడు. బదులు పలుకనివారిని బయటికి పంపుడు. అందరి సమ్మతి లేక రికార్డు చేయకుడు. తెలియనివారు కోరిన మీ ఫోను తెరను చూపకుడు. వచ్చిన ఓటీపీ వారి కంటబడును. పోలీసు దుస్తులతో కనబడి వీడియోలోనే అరెస్టు చేసితిమనువాడు మోసగాడు. డిజిటల్ అరెస్టు అనునది మన చట్టములో లేదు. ఎవరైనను సొమ్ము పోగొట్టుకొన్నచో తడయక 1930 నంబరునకు తెలుపవలెను.

సభ్యుని అప్పు సభ్యునికిని సంఘమునకును నడుమ నుండవలసినది. ఆ నమ్మకము మీదనే సంఘము నిలిచియున్నది. కావున పాలకవర్గములవారు రానున్న సమావేశమున ఏ సాధనము వాడుదురో, తలుపుకడ నెవరు కావలి యుందురో తీర్మానించి మినిట్స్ పుస్తకమున వ్రాసికొనవలెనని కోరుచున్నాము.