ఫిల్టరు మారితే సరకూ మారుతుంది
కాఫీ వర్తకులకు కొత్త లెక్క

అచ్చంపేట: మిర్చి, ప్రత్తి ధరవరలపైనే దృష్టి నిలిపే పల్నాటి వర్తకులు కాఫీ గింజపై కూడా ఒక కన్ను వేసి ఉంచడం మంచిది. ఇళ్లలో కాఫీ కాచే సాధనం మారితే కిరాణా దుకాణంలో నిలవ ఉంచవలసిన సరకు కూడా మారుతుంది.

కళాయి పూసిన ఇత్తడి ఫిల్టరు పోయి స్టీలు ఫిల్టరు వచ్చినా పద్ధతి మారలేదు. పై గిన్నెలో పొడి అదిమి మరిగే నీరు పోస్తే పావుగంట, ఇరవై నిమిషాలలో డికాక్షన్ బొట్టుబొట్టుగా దిగుతుంది. చికోరీ కలిపిన పొడికి ఈ ఫిల్టరు అనుకూలం. కాఫీకన్న చికోరీలో నీట కరిగే భాగం హెచ్చు కనుక డికాక్షన్ చిక్కగా, నల్లగా వస్తుంది.

కొత్త సాధనాల సంగతి వేరు. ఫ్రెంచి ప్రెస్సుకు రవ్వవంటి బరక పొడి కావాలి. 1933లో ఇటలీలో రూపొందిన మోకా పాత్రకు సన్నపొడి, కాగితపు వడపోత గల విద్యుత్ యంత్రానికి మధ్యరకం పొడి వాడతారు. చికోరీ హెచ్చయితే కాగితం గుండా నీరు దిగడం మందగిస్తుంది. అందుచేత సాధనం మార్చిన ఇంటివారు అచ్చమైన కాఫీనే అడిగే అవకాశం హెచ్చు.

పెట్టుబడి చిక్కు ఇక్కడే ఉంది. వేయించేటప్పుడు గింజ తూకం సుమారు 15 నుంచి 20 శాతం తరుగుతుంది. తరుగు 18 శాతం అనుకుంటే, పచ్చిగింజ ధర కిలోకు రూ. 100 పెరిగినప్పుడు అచ్చమైన కాఫీపై సుమారు రూ. 122 భారం పడుతుంది. అదే 60:40 చికోరీ మిశ్రమంపై పడేది సుమారు రూ. 73 మాత్రమే. మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గరాదన్నది నిబంధన.

ఈ తేడా చిన్నది కాదు. బ్రెజిల్, వియత్నాంలలో వర్షాభావం వల్ల దిగుబడి దెబ్బతిని, 2025 ఫిబ్రవరిలో న్యూయార్క్ మార్కెట్లో అరబికా ధర పౌనుకు 4 డాలర్లు దాటింది. మన అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. అయినా ప్రపంచ ధరల ఒడుదుడుకులు దానినీ తాకుతాయి.

నిలవ విషయంలోనూ జాగ్రత్త అవసరం. పొడికన్న గింజ హెచ్చుకాలం వాసన నిలుపుకుంటుంది. గింజనే నిలవచేసి, బేరం వచ్చినప్పుడు సాధనానికి తగినట్లు ఆడించి ఇవ్వడం లాభసాటి. ఇతర వాసనలను కాఫీ ఇట్టే పీల్చుకుంటుంది కనుక మిరపకాయలు ఆడించే మరలో దానిని ఆడించరాదు. మిర్చి బస్తాల పక్కన ఉంచరాదు. మిర్చి ఘాటు సోకిన కాఫీని తిరగ్గొట్టని ఖాతాదారుడు ఉండడు.

తొలి విడత కొనుగోలు స్వల్పంగా ఉంచి, అడిగేవారిని బట్టి నిలవ పెంచుకోవడం క్షేమం. పాత ఫిల్టరు వాడే ఇళ్లు ఉన్నంతకాలం మిశ్రమానికీ గిరాకీ ఉంటుంది.