హలోవీన్ సాయంత్రం: భయపడాల్సింది చాక్లెట్‌కు కాదు, కారుకు

నవంబర్ 1న హైదరాబాద్‌లో ఫజ్ర్ నమాజ్‌కు లేచిన నానీ ఫోన్ తెరిస్తే డల్లాస్ నుంచి మనవడి ఫొటో. ఒంటి మీద స్పైడర్‌మ్యాన్ బట్టలు, చేతిలో గుమ్మడికాయ ఆకారం బకెట్. అక్కడ ఇంకా అక్టోబర్ 31 సాయంత్రం ఆరున్నరే. "బేటా, ఎవరో తెలియని వాళ్ళ ఇంట్లో మిఠాయి తింటున్నాడా, అందులో ఏం కలిపారో ఏమో" అని ఆమె కంగారు పడుతుంది. కొడుకో కూతురో అమెరికాలో స్థిరపడిన చాలా ఇళ్ళలో ఏటా ఇదే మాట.

హలోవీన్‌లో పాల్గొనాలా వద్దా అన్నది ఒక్కో ఇంటి నిర్ణయం. దాని మూలాలు చూసి చాలామంది ఉలమా దూరంగా ఉండమంటారు. చాలా కుటుంబాలు ఆ మాటే పాటిస్తాయి. క్లాసులో పిల్లలందరూ వెళ్తుంటే ఆపలేక, కాసేపు తిప్పి తీసుకొచ్చే తల్లిదండ్రులూ ఉన్నారు. ఇక్కడ ఫత్వా ఇవ్వడం లేదు. పిల్లవాడు వెళ్ళినా వెళ్ళకపోయినా ఆ సాయంత్రం వీధి మాత్రం మామూలుగా ఉండదు.

పద్ధతి ఇదీ. చీకటి పడే వేళకు పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ వెళ్ళి తలుపు కొడతారు. "ట్రిక్ ఆర్ ట్రీట్" అంటారు. ఇంటివాళ్ళు క్యాండీ వేస్తారు. వాకిట్లో లైటు వెలుగుతుంటే రమ్మని అర్థం, ఆరి ఉంటే ఆ ఇంటికి వెళ్ళకూడదని అర్థం.

ముందు నానీ భయం సంగతి. అపరిచితులు క్యాండీలో విషం కలుపుతారన్న మాట అమెరికాలో దశాబ్దాలుగా ఉంది. డెలావేర్ యూనివర్సిటీ సోషియాలజిస్టు జోయెల్ బెస్ట్ 1958 నుంచి వచ్చిన పత్రికా వార్తలన్నీ ఏళ్ళ తరబడి పరిశీలించారు. ఇంటింటికీ వచ్చిన పిల్లలకు ముక్కూమొహం తెలియని వ్యక్తి విషం పెట్టి చంపినట్టు రుజువైన కేసు ఒక్కటీ ఆయనకు దొరకలేదు. అందరూ చెప్పుకునే 1974 నాటి టెక్సాస్ కేసులో సైనైడ్ కలిపిన క్యాండీ ఇచ్చింది ఆ పిల్లవాడి కన్నతండ్రే, అదీ ఇన్సూరెన్స్ డబ్బు కోసం. అతనికి 1984లో మరణశిక్ష అమలు చేశారు.

అసలు ప్రమాదం రోడ్డు మీద ఉంది. 1975 నుంచి 2016 వరకు 42 హలోవీన్ సాయంత్రాల లెక్కలతో ఒక అధ్యయనం వచ్చింది, జామా పీడియాట్రిక్స్ అనే వైద్య పత్రికలో. సాయంత్రం 5 నుంచి అర్ధరాత్రి దాకా వాహనాలు ఢీకొని చనిపోయిన పాదచారులు ఆ 42 రోజుల్లో 608 మంది. వారం ముందు, వారం తర్వాత అదే వేళల్లో, అంటే 84 సాయంత్రాల్లో, 851 మంది. సగటున చూస్తే హలోవీన్ నాడు ముప్పు 43 శాతం ఎక్కువ. 4 నుంచి 8 ఏళ్ళ పిల్లల్లో అయితే దాదాపు పది రెట్లు. అన్నిటికంటే ప్రమాదమైన సమయం సాయంత్రం 6 గంటల ప్రాంతం. ఆ రోజుల్లో షికాగోలో మగ్రిబ్ ఆరుకు కాస్త ముందే అవుతుంది, డల్లాస్‌లో ఆరున్నర దాటాక. అంటే ఆఫీసుల నుంచి కార్లు ఇళ్ళకు తిరిగొచ్చే వేళ, పిల్లలు రోడ్డెక్కే వేళ, వెలుతురు పోయే వేళ మూడూ ఒక్కచోటే కలుస్తాయి. మన గల్లీల్లో స్పీడు బ్రేకర్లూ జనమూ బండిని ఆపుతాయి. అక్కడి ఖాళీ వీధిలో కారు నేరుగా వచ్చేస్తుంది.

అందుకని జాగ్రత్త వేషం దగ్గరే మొదలవ్వాలి. నల్లబట్టల దయ్యం వేషం డ్రైవరుకు కనపడదు. బట్టల మీద, బకెట్ మీద మెరిసే టేపు అంటించాలి, చేతికో టార్చి ఇవ్వాలి. మాస్కు వేస్తే పక్కచూపు పోతుంది, దాని బదులు ముఖానికి రంగు మేలు. కాళ్ళకు చుట్టుకునే పొడవాటి గౌను వద్దు. గుమ్మడికాయల్లో కొవ్వొత్తులు వెలుగుతుంటాయి కనుక, త్వరగా నిప్పంటుకోదని లేబుల్ మీద రాసి ఉన్న బట్టలే కొనాలి. వేషం కోసం దుకాణాల్లో దొరికే రంగుల కాంటాక్ట్ లెన్సులు మాత్రం అసలు వద్దు. డాక్టర్ చీటీ లేకుండా వాటిని అమ్మడం అక్కడ నేరం, కళ్ళకూ ప్రమాదం.

12 ఏళ్ళలోపు పిల్లల వెంట పెద్దవాళ్ళు ఉండాలని సేఫ్ కిడ్స్ సంస్థ చెబుతుంది. ఆగి ఉన్న రెండు కార్ల మధ్య నుంచి రోడ్డు మీదికి ఉరకడమే పిల్లలు ఎక్కువగా చేసే పొరపాటు. మూల దగ్గరే దాటాలి, ఒక వైపు ఇళ్ళన్నీ అయ్యాకే రెండో వైపుకు. వెంట వెళ్ళిన అబ్బాజాన్ ఫోన్‌లో క్రికెట్ స్కోరు చూస్తూ నడిస్తే లాభం లేదు.

ఇక బకెట్. ఇంటికి వచ్చి పెద్దవాళ్ళు చూసేదాకా ఏదీ తినకూడదని ముందే చెప్పాలి, కడుపు నిండా అన్నం పెట్టి పంపితే ఆ మాట వింటారు. రేపర్ చిరిగినవి పారేయాలి. నాలుగేళ్ళలోపు పిల్లలకు గట్టి క్యాండీ గొంతులో అడ్డం పడుతుంది, వాళ్ళ వాటా నుంచి తీసేయాలి. గంజాయి కలిపిన గమ్మీలు కొన్ని రాష్ట్రాల్లో చట్టబద్ధంగానే అమ్ముతారు, కొన్ని ప్యాకెట్లు మామూలు క్యాండీలాగే కనిపిస్తాయి. గుర్తుపట్టలేని ప్యాకెట్ ఏదైనా పక్కన పెట్టేయడమే.

మన ఇళ్ళకు ఇంకో తనిఖీ ఉంది, జెలటిన్. గమ్మీలు, మార్ష్‌మాలోలలో ఇది మామూలు. పంది నుంచీ తీస్తారు, ఆవు నుంచీ తీస్తారు, లేబుల్ మీద చాలాసార్లు ఉత్త "జెలటిన్" అనే ఉంటుంది. పిల్లవాడి చేతిలోంచి లాక్కుంటే ఏడుపే. ముందే హలాల్ గమ్మీలు తెచ్చి పెట్టుకుని ఒకటికి ఒకటి మార్చి ఇస్తే గొడవ ఉండదు. వేరుశనగ అలర్జీ ఉన్న పిల్లలకూ ఇదే ఉపాయం. కొన్ని ఇళ్ళ ముందు నీలి ఆకుపచ్చ రంగు గుమ్మడికాయ కనిపిస్తుంది. అక్కడ తినేవి కాకుండా పెన్సిళ్ళు, బొమ్మలు కూడా ఇస్తారని దాని గుర్తు.

పాల్గొనని ఇళ్ళవాళ్ళు సాయంత్రం వాకిలి లైటు ఆర్పేస్తే చాలు, ఎవరూ తప్పుగా అనుకోరు. కానీ ఇల్లు చేరే దారి మాత్రం వాళ్ళకూ అదే. మగ్రిబ్‌కు మస్జిద్‌కు కారులో వెళ్ళేవాళ్ళు, పార్ట్‌టైమ్ పని ముగించుకుని వచ్చే మన స్టూడెంట్లు ఆ ఒక్క సాయంత్రం కాలనీ వీధుల్లో వేగం బాగా తగ్గించాలి. ఇంటి ముందు నుంచి కారు వెనక్కి తీసేముందు ఒకసారి దిగి, బండి వెనక ఎవరూ లేరని కళ్ళారా చూసుకోవాలి.