చక్కెర వ్యాధి: ఇంటిలోని యంత్రం చెప్పేది, చెప్పనిది

కట్టడపు పనులకు తెలుగునేల నుండి తరలివచ్చిన కామాటీల వల్లనే కామాటిపురాకు ఆ పేరు వచ్చింది. నాడు రాళ్లు, మట్టి మోసినవారి వంశీకులలో నేడు దుకాణాలలోనూ కార్యాలయాలలోనూ కూర్చుండి పనిచేసేవారు అనేకులు. ముంబయి మహానగరపాలిక 2021లో జరిపిన సర్వేలో, పెద్దలలో సుమారు 18 శాతం మందికి పరగడుపు చక్కెర 126 మిల్లీగ్రాములకు మించి ఉన్నట్లు తేలింది. నాగ్‌పాడా ఇళ్లలోనూ గ్లూకోమీటరు ఇప్పుడు కొత్త వస్తువు కాదు.

అయితే ఈ యంత్రం చెప్పే అంకె ఉజ్జాయింపు మాత్రమే. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారమే అది ప్రయోగశాల ఫలితానికి 15 శాతం అటూ ఇటూ ఉండవచ్చును. నిన్న 150, నేడు 160 వచ్చినదని మాత్ర పెంచుకోవడం తగదు. పండు ఒలిచిన చేతిని కడుగకుండా సూది గుచ్చితే ఆ పండులోని చక్కెర కూడా లెక్కలో చేరుతుంది. స్ట్రిప్పుల డబ్బాను పొయ్యి పక్కన ఉంచరాదు. వానాకాలంలో మూత తెరచి ఉంచితే తేమకు అవి చెడిపోతాయి. చాల్‌లోని ఒంటిగదిలో ఇది కష్టమే, అయినా తప్పదు.

భుజానికి అంటించుకునే సెన్సారు పగలూ రాత్రీ చక్కెర తీరును సెల్‌ఫోనుకు పంపుతుంది. అది కొలిచేది రక్తాన్ని కాదు, చర్మం కింది ద్రవాన్ని; కనుక కొన్ని నిమిషాలు వెనుకబడి ఉంటుంది. ఇన్సులిన్ వాడేవారికి ఎంతో ఉపకరిస్తుంది గాని, ఖరీదు సామాన్యునికి భారమే.

సూది గుచ్చకుండా చక్కెర చెబుతామంటూ అమ్మే చేతిగడియారాలు, ఉంగరాల సంగతి వేరు. అటువంటి దేనికీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. దాని అంకెను నమ్మి ఇన్సులిన్ వేసుకుంటే ప్రాణాపాయం. చెమట, వణుకు, తల తిరుగుడు కలిగి చక్కెర 70 కంటె తగ్గినట్లయితే వెంటనే మూడు చెంచాల పంచదార నీటిలో కలిపి త్రాగి, పావుగంటకు మరల పరీక్షించుకోవాలి. స్పృహ తప్పినవారి నోటిలో ఏమీ పోయరాదు. 108కి ఫోను చేయండి.

మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్షకు ఇంటి గ్లూకోమీటరు బదులు కాదు. పాదాల పుండును చూసే పని కూడా ఏ యంత్రమూ చేయదు.

మన వారికి మరొక చిక్కు ఉన్నది. పండుగకో పెండ్లికో పాలమూరో కరీంనగరో వెళ్లినపుడు చీటీలు ఇక్కడే ఉండిపోతాయి. అక్కడి వైద్యునికి మందు పేరు చెప్పలేము. 2021లో దేశమంతటా ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఇచ్చే 14 అంకెల ఆభా సంఖ్య ఇందుకు పనికివస్తుంది. ఆ వ్యవస్థలో చేరిన ఆసుపత్రుల నివేదికలు, మీరు సమ్మతిస్తేనే, ఎక్కడి వైద్యునికైనా కనిపిస్తాయి. నమోదుకు రుసుము లేదు. ఫోనుకు వచ్చే ఓటీపీని, మీరే స్వయంగా నమోదు చేసుకుంటున్నపుడు తప్ప, ఎవరికీ చెప్పకండి. అన్ని ఆసుపత్రులూ ఇంకా చేరలేదు కనుక ప్రయాణానికి ముందు మందుల చీటీని ఫోనులో ఫోటో తీసి ఉంచుకోండి.