గుత్తి కోట చూతాం రండి

ఇంగ్లండులో యార్కు అని ఒక పాత నగరం ఉన్నది. దానికి చుట్టూ రాతిగోడ. ఆ గోడ మీదికి ఎక్కి మూడు కిలోమీటర్లకు పైగా నడవవచ్చు. ఆ ఊరివాళ్ళే కొందరు ఒక సంఘంగా ఏర్పడి, 1951 నుంచీ, వచ్చినవాళ్ళను కాలినడకన తిప్పి తమ ఊరి కథ చెప్పుతున్నారు. ఇందుకు వాళ్ళు దమ్మిడీ పుచ్చుకోరు.

ఈ సంగతి నేను మా యాడికి పిల్లలకు చెప్పగానే ఒక కుర్రవాడు, "మనకు అట్లాంటి ఊరు లేదు కదా, సార్!" అన్నాడు. నాకు నవ్వు వచ్చింది. ఎందుకంటే వాడు గుత్తి మీదుగా గుంతకల్లుకు ఎన్నోసార్లు పోయివచ్చినవాడు. బస్సు కిటికీలోంచి ఆ కొండను ఎన్నోసార్లు చూచినవాడు. రోజూ కనిపించే కొండను ఎవరు చూస్తారు?

అందుచేత జనవరిలో ఒక ఆదివారం నాడు, ఎండ ముదరకముందే, పదకొండు మంది పిల్లలను వెంటబెట్టుకుని గుత్తిలో బస్సు దిగాను. చద్ది మూటలు ఉన్నాయి. తలా ఒక సీసా నీళ్ళు ఉన్నాయి. మా యాడికికీ గుత్తికీ ఎంతో దూరం లేదు.

కొండ అడుగున ఒక ముసలాయన గట్టు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. మమ్మల్ని చూచి, "ఎవురు నాయనా మీరంతా? యాడికి?" అని అడిగాడు.

"అవును తాతా, యాడికే!" అన్నారు పిల్లలు ఒక్కసారిగా.

ఆయనకు అర్థం కాలేదు. "అదే, యాడికి అంటాండా," అన్నాడు. "అదే తాతా, యాడికి నుంచే!" అన్నారు వీళ్ళు. ఇట్లా రెండు మూడుసార్లు అయ్యాక ఆయన పకపకా నవ్వి, లేచి కర్ర తీసుకున్నాడు. చిన్నప్పటినుంచీ ఆ కొండ మీద మేకలు కాచిన మనిషి. ఇంతకన్న మంచి దోవ చూపేవాడు మాకు ఎక్కడ దొరుకుతాడు?

దోవలో ముందుగా కనిపించేది తెల్లవాళ్ళ గోరీల దొడ్డి. సర్ థామస్ మన్రోను మొట్టమొదట పూడ్చింది ఇక్కడే. మన్రో స్కాట్లండువాడు, 1761లో గ్లాస్గోలో పుట్టాడు. 1800లో నిజాము ఈ సీమను కుంఫిణీవారికి దత్తం చేశాడు. అందుకే అప్పట్లో దీన్ని దత్తమండలాలు అనేవారు. రాయలసీమ అన్న పేరు 1928లో నంద్యాలలో జరిగిన సభనుంచి వాడుకలోకి వచ్చింది. మన్రో 1800 నుంచి 1807 వరకు ఇక్కడ కలెక్టరుగా ఉండి, మధ్యలో జమీందార్లు లేకుండా రైతుకూ సర్కారుకూ నేరుగా లెక్క ఉండే రైతువారీ పద్ధతిని స్థిరపరచాడు. తరవాత మద్రాసు గవర్నరు అయ్యాడు. పదవి దిగి తన దేశం పోయేముందు, తాను పనిచేసిన సీమను మరొకసారి చూడాలని బయలుదేరి వచ్చాడు. 1827 జులై 6న పత్తికొండలో కలరా తగిలి చనిపోయాడు. శవాన్ని గుత్తికి తెచ్చి పూడ్చారు. 1831లో ఎముకలు మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు.

ఈ సీమలో కొందరు తమ పిల్లలకు "మన్రోలప్ప" అని పేరు పెట్టుకున్నారంటే, ఆయన మీద జనానికి ఎంత గురి ఉండేదో ఊహించుకోవచ్చు. అయితే ఎంత మంచి కలెక్టరు అయినా ఆయన వచ్చింది పన్ను వసూలుకే. ఆ సంగతీ మరచిపోరాదు. మద్రాసులో గుర్రం మీద ఉన్న ఆయన విగ్రహానికి జీనూ లేదు, రికాబులూ లేవు. మీరు ఎప్పుడైనా ఆ పట్నం పోతే గమనించండి.

అక్కడినుంచి ఎక్కుడు ప్రారంభమైంది. కొండ చుట్టుపక్కల నేలకన్న సుమారు 300 మీటర్ల ఎత్తు. కోట గోడలు ఒకదాని పైన ఒకటిగా శంఖానికి చుట్టలు తిరిగినట్టు తిరుగుతూ పైకి పోతాయి. ప్రధానమైన ద్వారాలు పదిహేను అని చెపుతారు. మా పిల్లలు లెక్క ప్రారంభించారు గాని, ఆరో దాని దగ్గర ఇద్దరికి తగాదా వచ్చి లెక్క చెడిపోయింది. వాకిళ్ళన్నీ వంకర తిరిగి ఉండటానికి కారణం ఏమిటని అడిగితే, తాత తన కర్రను ఏనుగు దంతంలాగా ముందుకు చాచి, పరుగెత్తుకు వచ్చి గోడకు కొట్టుకున్నట్టు నటించాడు. తిన్నగా ఉన్న దోవలో అయితే ఏనుగు వేగంగా వచ్చి తలుపు పగలగొట్టగలదు. వంకర దోవలో దానికి పరుగు అందదు.

సగం ఎక్కేసరికి ఒక బావి కనిపించింది. దానిలో అడుగున పచ్చటి నీళ్ళు ఉన్నాయి. కాసేపటికి మరొకటి. ఇట్లాంటివి ఈ కొండ మీద నూట ఎనిమిది ఉన్నాయని ప్రతీతి. 

"ఇంత ఎత్తున ఊట ఎట్లా పడింది?" అని ఒక అమ్మాయి అడిగింది.

ఊట కాదు! పిల్లలూ, ఇది బాగా తెలుసుకోవలసిన సంగతి. మన యాడికి పక్కన నేల సున్నపురాయి. వాననీరు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొంచెం తనలో కలుపుకుంటుంది. ఆ నీరు సున్నపురాతిని మెల్లగా, వేలవేల ఏళ్ళ తరబడి, కరిగిస్తుంది. కోన ఉప్పలపాడు దగ్గర మీరు చూచిన గుహలు ఇట్లా కరగగా ఏర్పడినవే. అటువంటి రాతి మీద నీరు నిలవదు, లోపలికి పోతుంది. గుత్తి కొండ అట్లా కాదు. ఇది నల్లరాతి గుట్టలవంటి గట్టి రాయి, గ్రానైటు. నీరు దీన్ని చొచ్చలేదు. వాన పడితే అంతా జర్రున జారిపోతుంది. అందుకని కోట కట్టినవాళ్ళు నీరు జారే దోవలు చూచుకుని, బండల మధ్య ఉన్న చీలికలకు అడ్డంగా గోడ కట్టారు. కొన్నిచోట్ల తొలిచారు. పైనుంచి వచ్చిన ప్రతి చుక్కా ఆ తొట్టెలలోకి దిగుతుంది. అడుగు గట్టి రాయి గనక ఇంకిపోదు.

మేము ఒక బండ నీడలో కూర్చుని లెక్క కట్టాము. అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు గల బండ మీద ఏడాది పొడుగునా పడే నీరంతా పట్టగలిగితే 55 వేల లీటర్లు అవుతుంది. ఇంత కరువు సీమలో కూడా! పిల్లలు నమ్మలేదు. పుల్లతో నేల మీద గుణించి చూచుకున్నాక నమ్మారు.

"అయితే కోటలో నీళ్ళకు కరువే ఉండదు!" అన్నాడు మొదటి కుర్రవాడు.

"ఉండు," అన్నాను. పట్టిన నీరంతా నిలవదు. వేసవిలో మన ఎండలకు తెరిచి ఉన్న నీటి మట్టం రోజుకు ఒక సెంటీమీటరు దాకా ఆవిరై తగ్గిపోతుంది. అందుకే ఈ బావులను వెడల్పు తక్కువగా, లోతు ఎక్కువగా చేశారు. ఇక ఖర్చు చూడండి. ఒక బావిలో లక్ష లీటర్లు ఉన్నాయనుకుందాం. కోటలో వెయ్యిమంది మనుషులు, వంద గుర్రాలు ఉన్నాయనుకుందాం. తాగటానికీ వంటకూ మనిషికి అయిదు లీటర్లు, గుర్రానికి ముప్పై లీటర్లు వేస్తే రోజుకు ఎనిమిది వేల లీటర్లు. లక్ష లీటర్లు పదమూడు రోజులు కూడా పూర్తిగా రావు. స్నానం మాట ఎత్తనే వద్దు.

ఈ బావులలో ఒకదానికి కొండ కింద ఉన్న వాగుతో లోపల లోపలే సంబంధం ఉందని ఒక మాట ఉన్నది. తాత కూడా అదే అన్నాడు. ఆయన ముందు నేను కాదనలేదు గాని, కింది నీరు తనంత తాను మూడువందల మీటర్లు పైకి ఎక్కదని మీకు తెలుసు. అటువంటి సంబంధమే ఉంటే, ఇప్పుడు చెప్పబోయే కథ జరిగేదే కాదు.

శిఖరానికి చేరేసరికి పదిన్నర అయింది. పాడుబడిన గిడ్డంగులు, మందుగుండు కొట్లు, వ్యాయామశాల అని చెప్పే గోడలు ఉన్నాయి. బండల మీద శాసనాలు ఉన్నాయి. కొన్ని చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని కాలపువి, కన్నడంలో ఉన్నవి. విజయనగర రాజు బుక్కరాయల శాసనం ఒకటి సంస్కృతంలో ఉన్నది. గుత్తి కోటలకే రాజు అనీ, బుక్కరాయల సామ్రాజ్యమనే చక్రానికి ఇది ఇరుసు చోటు అనీ దాని భావం. అక్కడ నిలబడి నాలుగు దిక్కులా చూస్తే ఆ మాట అతిశయోక్తి అనిపించదు. మైళ్ళకొద్దీ బయలు. ఎవరు వస్తున్నా దుమ్ము ముందుగా కనిపిస్తుంది.

నిట్టనిలువు కొండచరియ అంచున ఒక చిన్న మంటపం ఉన్నది. సున్నపు పూత నున్నగా ఉంటుంది. దీన్ని మురారిరావు గద్దె అంటారు. మురారిరావు ఘోర్పడే మరాఠా సరదారు. 1751లో ఆర్కాటు ముట్టడిలో క్లైవు చిక్కుపడ్డప్పుడు అతనికి సాయం రావటానికి సిద్ధమైన మురారిరావు ఇతడే. ఇతడు ఇక్కడ కూర్చుని చదరంగం ఆడేవాడనీ, ఉయ్యాల ఊగేవాడనీ చెపుతారు.

అక్కడే చద్ది విప్పి కూర్చున్నాము. కథ చెప్పాను.

1775 చివర మైసూరు నుంచి హైదరాలీ పెద్ద సేనతో వచ్చి గుత్తిని ముట్టడించాడు. కొన్ని వారాలకు కింది ఊరూ, కింది కోటా పడిపోయినై. మురారిరావు పై కోటలో ఉండిపోయాడు. ఈ గోడలను ఎక్కటం హైదరాలీ తరం కాలేదు. కాని పై కోటలో నీళ్ళు అడుగంటాయి. వానలు పోయి నెలలు అయినై, మళ్ళీ వాన రావటానికి ఇంకా నెలలు ఉన్నై. ఈ సంగతి పైనవాళ్ళకు తెలుసు, కిందవాళ్ళకు తెలియదు. మురారిరావు రాజీకి మనిషిని పంపాడు. హైదరాలీకి కూడా విసుగెత్తి ఉండాలి. కొంత సొమ్ము పుచ్చుకుని పోవటానికి ఒప్పుకున్నాడు. సొమ్ము కొంత ముట్టింది. మిగిలినదానికి జామీనుగా ఒక యువకుణ్ణి కిందికి పంపారు.

హైదరాలీ ఆ కుర్రవాణ్ణి ఎంతో మర్యాద చేశాడు. మాటల మధ్య కోట సంగతి వచ్చింది. ఆ కుర్రవాడికి పౌరుషం వచ్చి, నీళ్ళు అయిపోబట్టి గాని లేకుంటే మేము లొంగేవాళ్ళమే కాదన్నాడు! అంతే. హైదరాలీ రాజీ రద్దు చేసి, అతణ్ణి పైకి పంపివేసి, ముట్టడి మళ్ళీ ప్రారంభించాడు. ఇక అతను యుద్ధం చేయవలసిన పని ఏమున్నది? కూర్చుంటే చాలు. 1776 మార్చిలో కోట అతని వశమైంది. మురారిరావును పట్టుకుపోయి, చివరకు కన్నడ దేశంలోని కబ్బాళదుర్గంలో ఖైదు చేశారు. ఆయన అక్కడే చనిపోయాడు. ఈ ఉదంతాన్ని మార్కు విల్క్స్ అనే సైనికోద్యోగి తన మైసూరు చరిత్రలో వ్రాశాడు.

పిల్లలు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత అందరూ ఒకేసారి మాట్లాడారు. ఆ యువకుడిదే తప్పు అని కొందరు. చిన్నవాణ్ణి శత్రువు దగ్గరికి పంపిన పెద్దవాళ్ళది తప్పు అని కొందరు. ఒక అమ్మాయి మాత్రం, "కింది ఊళ్ళోవాళ్ళు ఏం తాగినారు సార్, అన్ని నెలలూ?" అని అడిగింది. చరిత్ర వ్రాసినవాళ్ళు ఆ ప్రశ్నకు జవాబు వ్రాయలేదు.

తాత ఇదంతా వింటూ అన్నం తిని, చెయ్యి కడుక్కోవటానికి నీళ్ళు పుచ్చుకోలేదు. గుడ్డకు తుడుచుకున్నాడు.

దిగటం ఎక్కటం కన్న కష్టమైంది. ఎండ నెత్తిన పడింది. బండలు కాలుతున్నాయి. నాలుగో వాకిలి దగ్గరికి వచ్చేసరికి పిల్లలు సీసాలు తలకిందులు చేసి చూచుకుంటున్నారు. తాత వెనక్కు తిరిగి, "ఏం అబ్బోడా, ఇంగా ఎన్ని నీళ్ళుండాయి మీకాడ?" అని మొదటి కుర్రవాణ్ణి అడిగాడు.

వాడు తన సీసాను వీపు వెనక దాచుకున్నాడు.

"నేను చెప్పను తాతా!"