నవ్వించే గ్యాసు... నా ముసలి మస్టాంగ్!

2001లో వచ్చిన 'ది ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్' మీరు చూసే ఉంటారు. ఆకుపచ్చ మిత్సుబిషి ఎక్లిప్స్‌లో పాల్ వాకర్ మీట నొక్కగానే వీధి దీపాలు గీతలైపోతాయి! ఆ మీట నాకూ కావాలనిపించింది. ఇక్కడ అమెరికాలో నాకున్నది 1989 నాటి ఫోర్డ్ మస్టాంగ్. అయిదు లీటర్ల వి-8 ఇంజను, కొత్తలో 225 గుర్రాల బలం. ఇప్పుడెన్ని గుర్రాలు బతికున్నాయో దానికే తెలియాలి.

సీసాలో ఉండేది పెట్రోలు కాదండీ, పళ్ల డాక్టరు ఇచ్చే నైట్రస్ ఆక్సైడే! తనంతట తాను మండదు. సిలిండరు వేడికి విడిపోయి ఆక్సిజన్ ఇస్తుంది. గాలిలో ఆక్సిజన్ బరువులో 23 శాతమైతే ఇందులో 36. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు తమ విమానాలకు వాడిందీ ఇదే.

మరైతే అందరూ పెట్టుకోరూ? అక్కడే ఉంది తిరకాసు. ఆక్సిజన్‌తోపాటు పెట్రోలూ పెరగాలి, లేకపోతే పిస్టను తల కరిగిపోతుంది. నేను దర్జాగా "150 గుర్రాల జెట్ పెట్టు" అన్నాను. మెకానిక్ నవ్వి, "ముందు పంపు చూద్దాం సార్" అన్నాడు. చూస్తే ఏముంది... ఏళ్లతరబడి నలిగిన పంపు, పూర్తిగా తొక్కేసరికి ఒత్తిడి జారిపోతోంది! ఆవేళ మీట నొక్కి ఉంటే బండి నేరుగా పాత ఇనుము కొట్టుకే.

పంపు మార్చాం. 75 గుర్రాల జెట్‌తో సరిపెట్టాం. స్పార్కు టైమింగు కాస్త వెనక్కి జరిపాం. యాక్సిలరేటరు అడుగంటా తొక్కితేగాని గ్యాసు వదలని స్విచ్చి పెట్టాం.

డ్రాగ్ స్ట్రిప్ మీద నొక్కాను. దీపాలేం గీతలవలేదు. వీపు మాత్రం సీటుకి అతుక్కుపోయింది! వచ్చాక ఎనిమిది ప్లగ్గులూ ఊడదీసి భూతద్దం పెట్టి చూశాం. కరిగిన అల్యూమినియం చుక్క ఒక్కటీ లేదు.