చలివానలో సైకిలు త్రొక్కువారి పాదములు

మహాభారతమున ఆనుశాసనిక పర్వములో గొడుగును పాదరక్షలును లోకమున కెట్లు వచ్చినవో తెలుపు కథ యొకటి గలదు. జమదగ్ని మహర్షి వినోదార్థము బాణములు వేయుచుండ, రేణుకాదేవి పరుగున బోయి వానిని దెచ్చి యిచ్చుచుండెను. జ్యేష్ఠమాసపు మధ్యాహ్నము. ఆమె తలయు పాదములును మాడిపోగా, ఒక చెట్టునీడ నించుకసేపు నిలిచి యాలస్యముగ వచ్చినది. కారణము విని మహర్షి సూర్యునిపై గోపించెను. అంతట సూర్యుడు దిగివచ్చి, తలకు గొడుగును, కాళ్ళకు తోలుచెప్పులను ఇచ్చి యాయనను శాంతింపజేసెను. ఒక యిల్లాలి పాదములు కాలుటచేత లోకమునకు చెప్పులు లభించినవన్నమాట.

ఈ కథను మా తండ్రిగారివద్ద చదువుకొన్ననాడు మాకు తోచని విషయ మొకటి యిటీవల తోచినది. మన దేశపు పాదరక్ష యెండకొఱకు బుట్టినది. అరికాలికి అడ్డము, పైన గాలి. వాకిట విడిచి లోనికి వచ్చుటకు సుళువు. చలివానకు దగిన పాదరక్షను మన పెద్దలు కల్పింపలేదు. మైదానములలో నుండువారికి దాని యవసరమును అంతగా గలుగలేదు. బెజవాడలోనో రాజమహేంద్రవరములోనో శ్రావణమాసపు వానలో సైకిలుమీద తడిసి వచ్చినవారికి నేటికిని రబ్బరుచెప్పే మేలు. కాలు తడియును, ఆఱును, అంతటితో సరి. అట్టివారు బూట్లు తొడిగికొని వానలో బోయినచో లేని చిక్కును గొని తెచ్చుకొన్నవారగుదురు. మేము చెప్పబోవునది వానయు చలియు గలిసి వచ్చు చోట్లను గూర్చి మాత్రమే.

అట్టి చోట మేము కాపురముండి నాలుగైదేండ్లైనది. మా యింటివారు పాఠశాలోపాధ్యాయులు. 2021వ సంవత్సరమున వారికి అరకు ప్రాంతపు గ్రామమొకదానికి బదిలీ యయ్యెను. సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తుననున్న సీమ యిది. ఇంటినుండి పాఠశాలకు 9 కిలోమీటర్లు. బస్సు వచ్చినపుడు వచ్చును. కావున వారి రాకపోక లన్నియు సైకిలుమీదనే. జూను మొదలు అక్టోబరు వఱకు వానలు, ఆపైన పొగమంచు, ఈ రెంటినడుమ తుఫానులు.

2023 డిసెంబరు 5వ తేదీని మిచాంగ్ తుఫాను బాపట్ల సమీపమున తీరము దాటినది. దాని వాన మా కొండలమీదను గురిసెను. సెలవులు ముగిసి పాఠశాల తెఱచిన తొలినాటి సాయంకాలము, ఇంకను విడువని సన్నని జల్లులో మా యింటివారు గంటసేపు త్రొక్కుకొని యింటికి వచ్చిరి. బూట్లు విప్పగా పాదములు నానబెట్టిన యటుకులవలె తెల్లబడి ముడుతలు దేఱియుండెను. "వేళ్ళు నావిగా దోచుటలేదు" అనిరి. మేమును అందఱు ఇల్లాండ్రు చేయు పనియే చేసితిమి. బకెట్టులో వేడినీళ్ళు పోసి, ఉప్పు వేసి, కాళ్ళు పెట్టించితిమి. వేడిగా నున్నదా యని యడిగితిమి. "ఏమియు దెలియుటలేదు, ఇంకను పోయుము" అనిరి. పోసితిమి. పావుగంటకు చర్మము కెంపెక్కెను. రాత్రికి రెండు పాదములమీదను బొబ్బలు లేచెను. వారు మూడు వారములు సైకిలెక్కలేదు. చూచిన వైద్యురాలు మమ్ము మందలింపలేదు గాని, ఆమె చెప్పిన మాట మాత్రము మఱపునకు రాదు: చలికి మొద్దుబారిన చర్మము వేడి నెఱుగదు; నీళ్ళ వేడిని జూడవలసినది ఆయన కాలితో గాదు, మీ మోచేతితో. మధుమేహము గలవారి పాదములకు చలి లేకయే స్పర్శజ్ఞానము తగ్గియుండవచ్చును గనుక వారియెడల నీ జాగ్రత్త మఱింత యావశ్యకమనియు ఆమె చెప్పినది.

నాటినుండి మేము పాదములకు చలి యేల కలుగునో తెలిసికొన బూనితిమి. నిలిచియున్న గాలికంటె నీరు సుమారు 24 రెట్లు అధికముగా వేడిమిని లాగివేయును. మేజోడు పొడిగా నున్నంతవఱకు దాని నూలుపోగుల నడుమ జిక్కుకొన్న గాలియే మనకు కంబళి. తడిసినచో ఆ గాలి పోయి నీరు చేరును. ఆపైన సైకిలు సాగుటచే పుట్టు గాలి. మట్టికుండలోని నీళ్ళు గాలితగులున చల్లబడుట మన మెఱుగని విషయము గాదు. సైకిలువాని తడిబూటు సరిగా నట్టి కుండయే. ఇక మూడవది: శరీరము చలిని బసిగట్టినంతనే గుండెను, ఊపిరితిత్తులను వెచ్చగా నుంచుకొనుటకై చేతులకు, కాళ్ళకు బోవు రక్తమును దగ్గించును. శత్రువు వచ్చినపుడు రాజు పొలిమేర గ్రామములను విడిచి కోటలోనికి దళములను మరలించుకొన్నట్లు. కావున ఱొమ్మునకు, తలకు వెచ్చదనము లేనివానికి ఎంతటి మేజోళ్ళు తొడిగినను వేళ్ళు చల్లబడకపోవు. మా యింటివారు నాడు తొడిగికొన్న చొక్కా పలుచని నూలుచొక్కా యని మాకు తరువాత జ్ఞప్తికి వచ్చెను.

ఇది చిన్న విషయమని నవ్వవలదు. 1914లో మొదలైన మహాయుద్ధములో కందకములందు నీటిలో నిలిచిన సైనికుల పాదములు మొద్దుబారి, ఉబ్బి, కుళ్ళిపోవుట జరిగెను. తొలి శీతకాలమున బ్రిటిషు సైన్యములోనే సుమారు 20,000 మంది దీనికి లోనైరి. నీరు గడ్డకట్టునంతటి చలి యిందు కక్కఱలేదు. తడిసిన కాలు గంటలకొలది చల్లగా నుండిన జాలును. దినదినము పొడి మేజోళ్ళు మార్చుట, ఒకరి పాదముల నొకరు తుడిచి తిమింగిలపు నూనె రాచుట అప్పుడు విధిగా బెట్టిరి. ఇది చదివినపుడు మాకు చరకసంహిత గుర్తునకు వచ్చెను. అందు సూత్రస్థానము ఐదవ యధ్యాయమున దినచర్యలో భాగముగ పాదాభ్యంగమును, పాదత్రధారణమును ఉపదేశింపబడినవి. ప్రొద్దున బయలుదేఱునప్పుడు పాదములకు నువ్వులనూనెయో కొబ్బరినూనెయో పలుచగా రాచిన యెడల చర్మము త్వరగా నానదు. వేళ్ళసందులు అదివఱకే పాచి, ఒరసి, దురద పెట్టుచున్నచో అచ్చట మాత్రము నూనె వలదు. పొడిగా నుంచి వైద్యుని మందు వాడవలెను.

ఇక తడి విషయము. నీరు పాదమునకు మూడు దారుల వచ్చును: పైనుండి కాలివెంబడి కారును, ముందుచక్రము చిమ్మును, లోపల చెమట పుట్టును. జనులు మొదటిదానినే చూచి గొప్పబూట్లు కొందురు. మా యనుభవమున నెక్కువ తడిపినది రెండవది. వాన వెలిసిన గంటకు గూడ రోడ్డుమీది నీటిని ముందుచక్రము సరిగా పాదములమీదికే చిమ్ముచుండును. మా యింటివారి సైకిలునకు మడ్గార్డు లేకపోలేదు. కాని యది పొట్టి. ఖాళీ రంగుడబ్బా ప్లాస్టిక్కును జానెడు ముక్కగా గత్తిరించి, రెండు బెజ్జములు వేసి, మడ్గార్డు చివర మరలతో బిగించితిమి. అది నేలకు నాలుగైదంగుళముల యెత్తువఱకు వ్రేలాడును. కాసు ఖర్చు లేదు. సన్నని జల్లులలో బూట్లు పైపైన దప్ప తడియుట నాటితో తగ్గిపోయెను. సైకిలు బాగుచేయువాడు చూచి నవ్వినాడుగాని, మరునెల తన సైకిలునకును ఒకటి బిగించుకొన్నాడు.

పైనుండి కారు నీటికి మన యిండ్ల పెంకుటికప్పే గురువు. పైపెంకు క్రిందిపెంకును గప్పును గాని క్రిందిది పైదానిని గప్పదు. కాలునకును అట్లే. వానకోటు లాగు బూటుతొడుగుమీదుగా దిగవలెను, తొడుగు బూటుమీదుగా దిగవలెను. ఎంతమందియో లాగును బూటులోనికి దోపి, పిక్కమీది నీటినంతయు చేతులార బూటులోనికి బంపుచుందురు. గంబూట్ల కథయు నింతే. అడుగున చుక్క యింకదు. పైనుండి చేరిన చుక్క వెలికిరాదు. ఇపుడు నీటిని రానీయక ఆవిరిని బోనిచ్చు సన్నని పొరగల బూట్లు దొరకుచున్నవి. రాబర్ట్ గోర్ అను నమెరికనుడు 1969లో ఒక ప్లాస్టిక్కును వేగముగా సాగదీసి కనుగొన్న సూక్ష్మరంధ్రముల పొర యది. మంచిదే, కాని మడమమీదుగా నీరు దిగినచో ఆ పొరయే దానిని లోపల నిలిపియుంచును.

మూడవదగు చెమటను మఱచి, కొందఱు మేజోడుమీద ప్లాస్టిక్ సంచిని పిక్కవఱకు తొడిగికొందురు. అరగంటకు లోపల చెమటతోనే తడిసిపోవుదురు. మేము చేయునది వేఱు. అరలీటరు పాలకవరును గడిగి యార్చి, మేజోడుమీద వేళ్ళు మునిగి పాదము సగము వఱకు మాత్రమే తొడిగింతుము. చలిగాలి తగులునది వేళ్ళకు. మడమవైపు చెమట యాఱుటకు దారి యుండును.

మేజోళ్ళ విషయమున మాకు మొగమాట మేమియు లేదు: నూలువి వలదు, ఉన్నివి కావలెను. తెలంగాణపు గొంగడిని జూచినవారికి ఇందు వేఱుసాక్ష్య మక్కఱలేదు. గొఱ్ఱెలకాపరి దానిని నెత్తిమీద కప్పుకొని వానలో దినమంతయు నిలుచును. ఉన్ని తన బరువులో మూడవవంతు తేమను బీల్చియు చేతికి తడిగా దోపదు. తడిసినను దాని వంకరపోగులు చదునుగా నణగక కొంతగాలిని బట్టియుంచును. చినిగిన గొంగడి ముక్కను పాదము కొలతకు గత్తిరించి బూటులో నడుగున బరచిన, లోహపు పెడలునుండి వచ్చు చలి సగము తగ్గును. కాని యొక హెచ్చరిక. రెండుజతల మేజోళ్ళు బిగుతుబూటులోనికి దూర్చుట చలిని గొని తెచ్చుకొనుటయే. వేళ్ళు లోపల ఆడవలెను. బిగిసినచో రక్తమాడదు. బూటు నొకకొలత పెద్దదిగా గొనవలెను.

మా యక్కగారి కుమారుడు గ్లాస్గోలో జదువుకొనుచున్నాడు. అచ్చట జనవరిలో పగటివేడి సుమారు 7 డిగ్రీలు మాత్రమే, వాన తఱచు. అతడు సన్ననిచక్రముల రోడ్డుసైకిలు కొన్నాడు. దానికి మడ్గార్డే లేదు; వేగమునకు అడ్డమట. "పిన్నీ, నియోప్రీన్ తొడుగులు కొన్నాను, అయినను కాళ్ళు మంచుగడ్డలే" యని ఫోనులో మొఱపెట్టెను. విచారింపగా, పెడలునకు తగులుకొను ఆ బూట్ల యడుగున లోహపుముక్కను బిగించు చోట బెజ్జములును, పైన గాలికై జాలియు నున్నవట. వేసవికి జేసిన బూటుతో వాడు హేమంతమును గెలువజూచినాడు. బెజ్జములు లోపలినుండి పట్టీతో మూయుమంటిమి, తీసిపెట్టుటకు వీలగు మడ్గార్డు తగిలింపుమంటిమి. తొడుగు పైయంచు లాగుక్రింద నుండవలెనని మూడుసార్లు చెప్పవలసివచ్చెను. ఇప్పుడు గంటసేపు త్రొక్కినను వేళ్ళు తెలియుచున్నవట. గంట దాటినచో మరల చల్లబడుననియు ఒప్పుకొన్నాడు. అది నిజమే. జడివానలో మూడుగంటలు పొడిగా నుంచు బూటు మాకింతవఱకు గనబడలేదు. అట్టి దూరము పోవువారు నడుమ నడుమ దిగి పదినిముషములు సైకిలు నడిపించుకొని పోవుట మేలు. నడకలో వేళ్ళు వంగును, రక్తము దిగును.

ఇల్లు చేరినపిమ్మట చేయవలసినది మన వంతు. తడిమేజోళ్ళు వెంటనే విప్పించి, పొడిగుడ్డతో వేళ్ళసందులు సహా అద్దవలెను, రుద్దరాదు. పొడి మేజోళ్ళు, ఒక కంబళి, వేడి కాఫీయో జావయో చాలును. నీళ్ళే కావలెనన్న మోచేతికి గోరువెచ్చగా నుండువానినే పోయవలెను. కుంపటి, హీటరు దగ్గఱ కాళ్ళు పెట్టనీయరాదు. అరగంటకైనను స్పర్శ రాకున్నను, వేళ్ళు మచ్చలుగట్టినను, ఉబ్బినను, ఇంటివైద్యము మాని యాసుపత్రికి బోవలెను. బూట్లలోని అట్ట తీసి, లోన వార్తాపత్రికలు ఉండలుగా గూరి, గంటకొకసారి మార్చినయెడల తెల్లవాఱుసరికి చాలవఱకు ఆఱును. పొయ్యిప్రక్క నుంచిన తోలు పగులును, అంటించిన అడుగు ఊడును.

మా యింటివారి సంచిలో నిపుడు రొట్టెకవరున జుట్టిన పొడిమేజోళ్ళ జత, చిన్నతువాలు ఎల్లప్పుడు నుండును. పాఠశాల చేరగనే మార్చుకొని, సాయంకాలమువఱకు చెప్పులతోనే పాఠము చెప్పుదురు. మొదట పిల్లలు నవ్విరట. ఆ మేజోళ్ళను వారే చన్నీటిలో నుదుకుకొని, పిండక తువాలులో నొత్తి, నీడను ఆరవేయుదురు. వేడినీటిలో వేసినచో ఉన్ని కుదించుకొనిపోవును. మేమొకసారి తెలియక వేసిన జత యిపుడు మా యాఱేండ్ల పాపకు సరిగా సరిపోవుచున్నది.